జానెడు మడి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ గేటు దాటి
ఇంటికొచ్చేసరికి ఆరు దాటుతుంది.
చేతులు మాత్రం ఇంకా పనిలోనే ఉంటాయి.
పొద్దుటి నుంచి తీసిన తొడిమలన్నీ
గోళ్ళ కింద నిప్పు రాజేసుకుని కూచుంటాయి.

మజ్జిగ పోసి చూశాను. కొబ్బరినూనె రాసి చూశాను.
మస్తాన్‌బీ చెప్పిందని బెల్లం నీళ్ళు కూడా.
మిరపకాయ దేనికీ లొంగదు.
మా వరసలో ఎవరు ఏడ్చినా
కళ్ళు తుడుచుకోరు,
కారేదాన్ని కారనిస్తారు.

గోడకీ మురుక్కాలవకీ మధ్య
జానెడు నేల ఉంది మాకు.
అది ఎవరిదో మున్సిపాలిటీకే తెలియాలి.
చలి మొదలైన వారం
పది రూపాయలు పెట్టి ముల్లంగి విత్తనాల పొట్లం కొన్నాను.
ఎందుకని ఇంట్లో అడిగితే
ఎర్రగా లేనిదేదైనా ఒకటి పెంచాలనిపించింది అన్నాను.

మొదటిసారి మా నల్లరేగడి నన్ను నవ్వులపాలు చేసింది.
పీకితే ఒకటి రెండు కాళ్ళతో వచ్చింది,
ఒకటి కాలు మీద కాలేసుకుని పెద్దమనిషిలా వచ్చింది,
ఒకటి గులకరాయిని కౌగిలించుకుని
రానంటే రానంది.
మస్తాన్‌బీ కొడుకు ఖాజా వాటికి పేర్లు పెట్టాడు.
కాలు మీద కాలేసుకున్నది మా మేస్త్రి.
మేస్త్రిని ఆ రాత్రే పప్పుచారులో వేశాను.

రెండోసారి
సందు చివర కట్టే మేడ దగ్గర
వాచ్‌మన్‌ని అడిగి రెండు బకెట్ల ఇసుక తెచ్చాను.
మూరెడు లోతు తవ్వాను.
ఒక గాజు పెంకు, ఒక సోడా గోళీ,
ఎవరిదో తుప్పు పట్టిన తాళంచెవి దొరికాయి.
తాళంచెవి పారెయ్యబుద్ధి కాక కిటికీలో పెట్టాను.

నాలుగో రోజుకే మొలకలు.
ఒకదాని మీద ఒకటి ఎగబడి
రేషన్ షాపు ముందు మాలాగే.
పలచన చెయ్యాలంది మస్తాన్‌బీ,
బెత్తెడుకొకటి ఉంచి మిగతావి పీకెయ్యమంది.
రోజుకిన్ని వేల తొడిమలు తుంచే వేళ్ళు
ఆ వెంట్రుకంత వేరు దగ్గర ఆగిపోయాయి.

అంతకు ముందు వారమే మా షెడ్డులో మిషను దించారు.
నలభైమందిలో పదిహేనుమంది చాలన్నారు.
మేస్త్రి వేలు చూపిస్తూ వరస వెంట నడిచాడు.
ఆ వేలు నా దాకా వచ్చి, నన్ను దాటి,
సుగుణమ్మ మీద ఆగింది.

సుగుణమ్మది నా పక్క పీట. పదకొండేళ్ళు.

చివరికి మస్తాన్‌బీయే వంగి పీకేసింది.
పారెయ్యలేదు.
చేటలో వేసి, కడిగి,
పెసరపప్పుతో తాలింపు పెట్టి
గిన్నెడు నాకూ పంపింది.
తిన్నాను. బాగుంది.
బాగుండకపోతే బాగుండేది.

ఆ నెలంతా సాయంత్రాలు
మణికట్ల దాకా తడిమట్టిలో పెట్టి కూచునేదాన్ని.
మంట తగ్గేదో లేదో,
మట్టి కాస్త పంచుకున్నట్టు మాత్రం ఉండేది.
ఒకరోజు వేలికేదో తగిలింది,
నున్నగా, చల్లగా.
నేల పైకి భుజం పెట్టి
నాకంటే ముందే లేచి కూచుంది.

ఆకుల మొదలు పట్టి, కొంచెం తిప్పి, లాగాలి.
నేల ముందు బిగిస్తుంది,
తర్వాత సరేలే అన్నట్టు
గుక్కెడు గాలి వదులుతుంది.
మూరెడు తెలుపు.
ఈ చేతులు అంత తెలుపుని
ఎప్పుడైనా పట్టుకున్నాయేమో గుర్తులేదు.

ఆరు ముల్లంగులు ఆకులతో సహా
సంగడిగుంటలో సుగుణమ్మకి పట్టుకెళ్ళాను.
ఏం మాట్లాడాలో దారంతా అనుకున్నది
గుమ్మంలోనే మర్చిపోయాను.
ఆమె ఒకటి తీసి, కొంగుతో తుడిచి, కరక్కున కొరికింది.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
అబ్బ, ఘాటే, అంది.
అని,
చేత్తో కళ్ళు తుడుచుకుంది.

గబుక్కున ఆ చెయ్యి పట్టుకోబోయి
ఆగాను.
నెల దాటింది కదా
ఆమె మిరపకాయ ముట్టి.